రిపోర్టు రావాల్సి ఉంది

ఆపరేషన్ అయిపోయింది. రొమ్ములో గడ్డ తీసేశారు, ఇంటికి పంపించేశారు. చూడ్డానికొచ్చిన వాళ్లందరూ "గండం గడిచిందమ్మా" అంటున్నారు. మీకు మాత్రం గడిచినట్టు లేదు. ఆపరేషన్ ముందురోజు రాత్రి కూడా ఇంత భయం వెయ్యలేదేమో. అప్పుడు చెయ్యడానికి పనులుండేవి. స్కానింగులు, రక్తపరీక్షలు, ఇన్సూరెన్స్ అప్రూవల్, పిల్లల్ని ఎవరింట్లో ఉంచాలన్న ఏర్పాటు. ఇప్పుడు చంక కింద డ్రెయిన్ గొట్టం, చేతిలో ఫోను, అంతే. తీసిన ముక్క ల్యాబ్‌లో ఉంది. దాని గురించి వారం పది రోజుల్లో ఒక కాగితం వస్తుంది. అది వచ్చేదాకా ఈ రోజులు గడిపేదెలా?

ఒక మాట ముందే చెప్పుకుందాం. ఫలితం మీ చేతిలో లేదు. ధైర్యంగా ఉన్నారని మంచి రిపోర్టు రాదు, ఏడ్చారని చెడ్డది రాదు. ఆ ముక్కలో ఏముందో ఆపరేషన్ బల్ల మీదే ఖాయమైపోయింది. కానీ ఆ కబురు మీ దగ్గరికి ఎవరి నోట రావాలి, ఏ వేళకి రావాలి, అప్పుడు పక్కన ఎవరుండాలి అన్నవి మాత్రం పూర్తిగా మీరు ఏర్పాటు చేసుకోగలిగినవే. చాలామంది మొదటిదాని మీద శక్తంతా ఖర్చుచేసి, రెండోదాన్ని గాలికొదిలేస్తారు. ఈ అధ్యాయమంతా ఆ రెండోదాని గురించే.

మీ చుట్టుపక్కల ఇదే స్థితిలో ఉన్నవాళ్లు మీరు అనుకునేదానికంటే ఎక్కువ. 2020లో వెలువడిన జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీ నివేదిక ప్రకారం, వయసు తేడాలు సర్దుబాటు చేసి చూస్తే, దేశంలోని రిజిస్ట్రీలన్నిటిలోకీ రొమ్ము క్యాన్సర్ రేటు హైదరాబాద్‌లోనే ఎక్కువ: ఏటా లక్ష మంది మహిళల్లో 48 కొత్త కేసులు. పైగా మన దేశంలో ఈ జబ్బు పాశ్చాత్య దేశాల మహిళలకంటే సుమారు పదేళ్లు ముందే పలకరిస్తుంది. అంటే మన ఐటీ కారిడార్‌లో, మాదాపూర్, గచ్చిబౌలి, కొండాపూర్‌లలో ఈ కబురు అందుకునే ఆవిడకి చాలాసార్లు బడికెళ్లే పిల్లలుంటారు, ఫ్లాటు మీద ఈఎంఐ ఉంటుంది, ఆఫీసులో అప్రైజల్ దగ్గర పడుతుంటుంది.

చెడ్డ వార్తకంటే తెలియకపోవడమే ఎక్కువ బాధపెడుతుందని మనకి అనుభవంలో తెలుసు. 2016లో యూనివర్సిటీ కాలేజ్ లండన్ పరిశోధకులు దీన్ని కొలిచి చూపించారు. కంప్యూటర్ ఆటలో ఒక్కో రాయి కింద పాముందో లేదో ఊహించాలి. పాముంటే చేతికి చిన్న కరెంటు షాకు తగులుతుంది. షాకు కచ్చితంగా తగులుతుందని తెలిసినప్పటికంటే, తగలొచ్చు తగలకపోవచ్చు అని సగం సగంగా ఉన్నప్పుడే ఆడినవాళ్ల ఒంట్లో ఒత్తిడి తారస్థాయికి చేరింది. చేతికి తగిలే చిన్న షాకు విషయంలోనే ఇలా ఉంటే, ప్రాణానికి సంబంధించిన కాగితం కోసం ఎదురుచూసే మనిషి గుండె దడదడలాడడంలో వింతేముంది? మీరు పిరికివారు కారు. మనిషి ఒళ్లు అలాగే తయారైంది.

ఈ తెలియనితనం అంతా ఒక్క ముద్దగా మీద పడితే మోయలేం. విడదీస్తే అందులో చాలా భాగం మామూలు పని అని తెలుస్తుంది. అందుకే ల్యాబ్‌లో ఇప్పుడు ఏం జరుగుతోందో కాస్త వివరంగా చెప్తాను.

మీ ఒంట్లోంచి తీసిన ముక్క ముందు ఫార్మలిన్ ద్రావణంలోకి వెళ్తుంది. కణాలు పాడవకుండా గట్టిపడడానికి కనీసం 6 గంటలు నానాలి, 72 గంటలు మించకూడదు. ఈ గడువు సరిగ్గా పాటించకపోతే తర్వాత చేసే హార్మోన్ పరీక్షలు తప్పు చూపించే ప్రమాదముంది. అంటే అక్కడ తొందరపడకపోవడమే మీకు మేలు. ఆ తర్వాత పాథాలజిస్టు ముక్క అంచులకి రంగు సిరా పూస్తారు. కొలిచి, కోసి, ఏ భాగాలు చూడాలో ఎంచుతారు. వాటిని రాత్రంతా యంత్రంలో ఉంచి, నీరు తీసేసి, మైనంలో దిమ్మలుగా పోతపోస్తారు. వీటినే బ్లాకులంటారు. బ్లాకునుంచి మూడు నాలుగు మైక్రాన్ల మందాన పొరలు తీసి, గాజుపలకల మీద పరిచి, రంగులద్ది, మైక్రోస్కోపు కింద చూస్తారు. అవే స్లైడ్లు. బ్లాకులు, స్లైడ్లు అన్న ఈ రెండు మాటలూ గుర్తుంచుకోండి. రెండో అభిప్రాయం కావాలన్నా, బయట ల్యాబ్‌కి పంపాలన్నా అడగాల్సింది వాటినే.

స్లైడ్ల మీద వాళ్లు వెతికేది ఒక్క జవాబు కాదు. గడ్డ అసలు కొలత ఎంత? సిరా పూసిన అంచుల్ని క్యాన్సర్ కణాలు తాకాయా? చుట్టుపక్కలకి చొచ్చుకుపోయే రకమైతే, సిరా మీద కణాలు లేకపోవడమే సాధారణంగా సరిపోతుంది. చంకలోంచి తీసిన గ్రంథుల్లో ఎన్నింటిలోకి పాకింది? ఆపరేషన్ జరుగుతుండగానే ఫ్రోజెన్ సెక్షన్ అనే తక్షణ పరీక్ష చేసి "గ్రంథులు బాగున్నాయి" అని చెప్పి ఉండొచ్చు. అయినా మైనం దిమ్మల్లో చూశాకే ఆ మాట ఖాయమవుతుంది. ఆపరేషన్‌కి ముందే కీమో తీసుకున్నవాళ్ల విషయంలో ప్రశ్న వేరు. మందుకి కణాలు ఎంత కరిగాయి, ఏమైనా మిగిలాయా అని చూస్తారు.

ఇక ఈఆర్, పీఆర్ అనే హార్మోన్ పరీక్షలు, హెర్2 అనే ప్రొటీన్ పరీక్ష. చాలామందికి ఇవి మొదటి సూది బయాప్సీలోనే తెలిసిపోయి ఉంటాయి. పాత ఫైలు తీసి చూడండి. తెలిసిపోయి ఉంటే మీ ఎదురుచూపులో ఒక పెద్ద ముక్క అక్కడికక్కడే తగ్గుతుంది. హెర్2 దగ్గర 0, 1+ వస్తే నెగెటివ్‌గా, 3+ వస్తే పాజిటివ్‌గా లెక్క. 2+ వస్తే అటూ ఇటూ తేల్చలేక ఫిష్ అనే ఇంకో పరీక్షకి పంపుతారు. దానికి మరికొన్ని రోజులు పడుతుంది. కొందరికి కీమో అవసరమో కాదో తేల్చుకోవడానికి ఆంకోటైప్ డీఎక్స్ లాంటి పరీక్ష రాస్తారు. అందులో గడ్డలోని 21 జన్యువుల్ని చూస్తారు. నమూనా అమెరికా వెళ్లి రావాలి. బెంగళూరులోనే చేసే క్యాన్‌అసిస్ట్ బ్రెస్ట్ అనేది కూడా ఉంది. వంశపారంపర్యం సంగతి తేల్చే బీఆర్‌సీఏ రక్తపరీక్షకి వారాలే పట్టొచ్చు.

ఇప్పుడు ఒక కాగితం తీసుకుని ఈ ప్రశ్నల్లో మీకు వర్తించేవి రాసుకోండి. ప్రతిదాని పక్కనా ఎప్పటికి తెలుస్తుందో డాక్టరుగారి అసిస్టెంటుని అడిగి ఒక తేదీ వెయ్యండి. "రిపోర్టు వచ్చిందా?" అని అడిగితే "ఇంకా లేదు మేడమ్" అన్న జవాబు తప్ప ఏమీ రాదు. "ఇందులో ఏ పరీక్ష మిగిలింది, ఎప్పటికి వస్తుంది, ఆ రోజు దాటితే ఎవరికి ఫోన్ చెయ్యాలి?" అని అడగండి. మీరు రోజూ ఆఫీసులో చేసే పనే ఇది. ఇక్కడ చెయ్యడానికి మొహమాటపడొద్దు.

ఆలస్యమైతే చెడ్డ కబురేనని మనసు పీకుతుంది. ఆలస్యానికి చాలా కారణాలుంటాయి. అంచు దగ్గర ఇంకొన్ని పొరలు తియ్యాలనుకుని ఉంటారు. తోటి పాథాలజిస్టుకి కూడా స్లైడు చూపిద్దామనుకుని ఉంటారు. మధ్యలో పండగో ఆదివారమో వచ్చి ఉంటుంది. జాగ్రత్తగా చూసే ల్యాబ్ కొంచెం ఆగుతుంది. ఈలోగా జబ్బు ముదిరిపోతుందేమోనన్న భయానికీ ఒక జవాబుంది. కాలిఫోర్నియాలో దాదాపు 25 వేలమంది మహిళల వివరాలు పరిశీలించి 2016లో ప్రచురించిన అధ్యయనంలో, ఆపరేషన్ తర్వాత 90 రోజులలోపు కీమో మొదలైనవాళ్లలో, నెలలోపు మొదలైనవాళ్లతో పోలిస్తే తేడా కనిపించలేదు. 90 రోజులు దాటినవాళ్లలో కనిపించింది, ముఖ్యంగా ఈఆర్, పీఆర్, హెర్2 మూడూ నెగెటివ్‌గా వచ్చే ట్రిపుల్ నెగెటివ్ రకంలో. దాన్ని పట్టుకుని మూడు నెలలు ఆగమని చెప్పడం లేదు. మామూలుగా డాక్టర్లు నాలుగు నుంచి ఆరు వారాల్లో తర్వాతి చికిత్స మొదలుపెట్టాలని చూస్తారు, కుట్లు మానడానికి కూడా ఆ సమయం కావాలి. రిపోర్టు కోసం గడిచే పది రోజులు ఆ లెక్కలోనే ఉన్నాయి. మీ ఆయుష్షులోంచి తగ్గించిన రోజులు కావు అవి.

ఇక కబురు అందే తీరు. నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది ఇదే.

మన ఐటీ కారిడార్‌లో పెద్ద ఆసుపత్రులన్నీ రిపోర్టుని ఫోన్‌కే పంపుతున్నాయి. లింకు వస్తుంది, నొక్కితే పీడీఎఫ్ తెరుచుకుంటుంది. అది డాక్టరు చూడకముందే, రాత్రి పదకొండింటికి, మీరొక్కరే పడగ్గదిలో ఉన్నప్పుడు రావొచ్చు. ఆ కాగితం ఒక పాథాలజిస్టు ఒక సర్జన్‌కి రాసిన ఉత్తరం. మీకోసం రాసింది కాదు. గ్రేడ్ 3 అని కనిపించగానే స్టేజ్ 3 అనుకుని కుప్పకూలినవాళ్లున్నారు. రెండూ వేరువేరు. గ్రేడ్ అంటే కణాల తీరు, ఎంత వేగంగా పెరిగేలా ఉన్నాయన్న అంచనా. స్టేజ్ అంటే జబ్బు ఎంత దూరం పాకిందన్న లెక్క. చిన్న గడ్డ, గ్రంథులు శుభ్రం, అయినా గ్రేడ్ 3 ఉండొచ్చు. ఈఆర్ పాజిటివ్ అన్న మాట చూసి భయపడేవాళ్లూ ఎక్కువే. హార్మోన్ మాత్రలు పనిచేసే దారి ఉందని దాని అర్థం. ఇవన్నీ పక్కన కూర్చుని చెప్పే మనిషి ఉంటే ఐదు నిమిషాల్లో అర్థమవుతాయి. అర్ధరాత్రి గూగుల్‌తో తెల్లారిపోతుంది.

కాబట్టి ఇవాళే ఒక నిర్ణయం తీసుకోండి. ఆసుపత్రిలో నమోదైన ఫోన్ నంబరు మీదైతే, దాన్ని మీ ఆయనదో అక్కదో చేయించండి. "వచ్చినా నాకు చెప్పొద్దు, డాక్టరుగారి దగ్గరికెళ్లాకే విందాం" అనుకుంటే అదీ సరే. "ఎంత రాత్రైనా లేపి చెప్పు" అనుకుంటే అదీ సరే. మీకు ఏది నప్పుతుందో మీకే తెలుసు. కానీ వచ్చాక ఆలోచిద్దాం అనుకోవద్దు, వచ్చాక ఆలోచించే స్థితిలో ఎవరూ ఉండరు. రిపోర్టు వస్తుందనుకున్న రోజుకి మర్నాడే డాక్టరు అపాయింట్‌మెంట్ పెట్టించుకోండి. తోడు వచ్చే మనిషిని ఇప్పుడే ఖాయం చేసుకోండి. ప్రేమ ఎక్కువున్న మనిషికంటే, ఆ గదిలో డాక్టరు మాటలు నిదానంగా రాసుకోగలిగిన మనిషి మేలు. అనుమతి అడిగి ఫోన్‌లో రికార్డు చేసుకోండి. మొదటి వాక్యం విన్నాక మిగతావేవీ చెవికెక్కవు.

కబురు ఒక్కసారిగా కాకుండా అంచెలంచెలుగా వస్తే ఎలా ఉంటుందో మన హైదరాబాద్‌లోనే ఒకరు లోకానికి చెప్పారు. నటి హంసానందిని 2021 డిసెంబర్‌లో తనకు రొమ్ము క్యాన్సర్ వచ్చిందని ప్రకటించారు. అప్పటికి పద్దెనిమిదేళ్ల కిందట తల్లిని ఇదే జబ్బుకి పోగొట్టుకున్న మనిషి ఆమె. చిన్న గడ్డ తగిలింది, పరీక్షలయ్యాయి, ఆపరేషన్ అయ్యింది. జబ్బు పాకలేదని తెలిసి ఊపిరి పీల్చుకున్నారు. అంతలోనే జన్యు పరీక్ష ఫలితం వచ్చింది: బీఆర్‌సీఏ1 పాజిటివ్. మళ్లీ వచ్చే ముప్పు ఎక్కువని, మరిన్ని ఆపరేషన్లు అవసరమని తేలింది. మొత్తం పదహారు విడతల కీమో. ఏడాది తిరిగేసరికి షూటింగ్‌కి వెళ్లారు. ఆమె ధైర్యాన్ని మెచ్చుకోవడంతో చాలామంది ఆగిపోయారు. నేను చూడమనేది ఆ వరసని. ఒక మంచి కబురు తర్వాత ఒక కష్టమైన కబురు, దాని తర్వాత ఒక దారి. ఏ ఒక్క కాగితమూ ఆఖరి తీర్పు కాలేదు. మీ రిపోర్టు కూడా అలా వరసలో ఒకటి. దాన్నే మొత్తం కథ అనుకోకండి.

మరి మధ్యలో రోజులు? "పాజిటివ్‌గా ఆలోచించు" అని అందరూ చెప్తారు. మంచి మనసుతోనే చెప్తారు, కానీ అది రోగి నెత్తిన ఇంకో బరువు. ఏడుపొచ్చినప్పుడల్లా తప్పు చేసినట్టనిపిస్తుంది. ఎదురుచూపుల మీద ఏళ్లుగా పరిశోధన చేస్తున్న కేట్ స్వీనీ అనే కాలిఫోర్నియా ప్రొఫెసర్, లాయరు పరీక్ష రాసి నాలుగు నెలలు ఫలితం కోసం చూసినవాళ్లని గమనించారు. ఆందోళన తగ్గించుకోవాలని వాళ్లు పడిన పాట్లు పెద్దగా పనిచెయ్యలేదు. కానీ ఎదురుచూస్తూ ఆందోళనపడినవాళ్లే, కబురు చెడ్డదైనప్పుడు తట్టుకున్నారు, మంచిదైనప్పుడు మనసారా సంతోషించారు. కాబట్టి భయపడుతూ గడిపిన రోజుని ఓడిపోయిన రోజుగా లెక్కెయ్యకండి. ఎదురుచూపు మొదట్లోనూ, ఫలితం దగ్గరపడినప్పుడూ బాధ పెరుగుతుందని కూడా ఆమె గమనించారు. రిపోర్టుకి రెండు రోజుల ముందు మళ్లీ మొదటికొచ్చినట్టనిపిస్తే, అది మామూలే.

ఆమె పరిశోధనలో కాస్త ఉపశమనం ఇచ్చినట్టు కనిపించింది ఒకటుంది. పూర్తిగా లీనమయ్యే పని. కొంచెం కష్టంగా ఉండి, చేతులూ బుర్రా రెండూ అడిగే పని. సీరియల్ చూస్తే మనసు దాని వెనకే ఇంకో సినిమా నడుపుతుంది. దానికి బదులు ముగ్గుల పుస్తకం, కుట్టుపని, పాత ఫోటోలని సంవత్సరాల వారీగా సర్దడం, పిల్లలతో లెక్కలు, కోడ్ రాయడం ఇష్టమైతే అదీ. కుట్లున్న వైపు చెయ్యి బరువెత్తకుండా చేసేది ఏదైనా సరే.

ఒంటికి చెయ్యాల్సిన పనులు కూడా సాయం చేస్తాయి. డ్రెయిన్ సీసాలో ఎంత వచ్చిందో రోజూ ఒకే వేళకి కొలిచి నోటుపుస్తకంలో రాయండి. మామూలుగా రోజుకి 30 మిల్లీలీటర్ల కంటే తగ్గితే తీసేస్తారు. ఆ అంకె తగ్గుతుండడం మీ కళ్లతో మీరు చూడగలిగిన మంచి ఫలితం. సర్జన్ చెప్పిన చేతి వ్యాయామాలు మానొద్దు, భుజం పట్టేస్తే ముందుముందు రేడియేషన్ బల్ల మీద చెయ్యి పైకెత్తి పడుకోవడం కష్టం. జ్వరం, గాయం దగ్గర ఎర్రదనం, ఉన్నట్టుండి వాపు కనిపిస్తే రిపోర్టు సంగతి పక్కనపెట్టి వెంటనే ఫోన్ చెయ్యండి. పొద్దున్నే నడక పెట్టుకోండి. కొండాపూర్ బొటానికల్ గార్డెన్ దగ్గరైతే అక్కడ, లేకపోతే మీ కమ్యూనిటీ ట్రాక్ మీద.

దిగులుకి ఒక వేళ కేటాయించడం కూడా పాత, పనిచేసే పద్ధతి. మనస్తత్వవేత్త థామస్ బోర్కోవెక్ బృందం 1983లోనే దీన్ని పరీక్షించింది. సాయంత్రం అరగంట, ఒకే కుర్చీ. ఆ అరగంటలో మనసారా భయపడండి, అనిపించిందంతా రాయండి. మిగతా వేళల్లో ఆలోచన వస్తే "సాయంత్రం చూద్దాం" అని వాయిదా వెయ్యండి. పడుకునే ముందు మాత్రం వద్దు.

ఉద్యోగం విషయంలో నా మాట గట్టిగా చెప్తాను. రిపోర్టు వచ్చేలోగా రాజీనామా గురించి ఏ నిర్ణయమూ తీసుకోకండి. "ఇక నా వల్ల కాదు, మానేస్తాను" అని ఈ పది రోజుల్లో అనిపించడం సహజం. కానీ కంపెనీ గ్రూప్ ఇన్సూరెన్స్ ఉద్యోగంతోపాటే పోతుంది. చికిత్స సగంలో ఉన్నప్పుడు కొత్త పాలసీ దొరకడం ఎంత కష్టమో చెప్పక్కర్లేదు. హెచ్‌ఆర్‌ని మూడు విషయాలు అడిగి మెయిల్‌లో జవాబు తీసుకోండి. డిశ్చార్జ్ తర్వాత ఎన్ని రోజులదాకా ఖర్చులు వస్తాయి, బయట ల్యాబ్‌లో చేయించిన ఫిష్, జన్యు పరీక్షలు అందులోకి వస్తాయా, మెడికల్ లీవు ఎంత ఉంది. ప్రతి బిల్లూ, డాక్టరు రాసిచ్చిన ప్రతి చీటీ దాచండి. మేనేజర్‌కి ఇంతే చెప్పండి: "ఆపరేషన్ అయ్యింది, తర్వాతి చికిత్స ఏంటో రెండు వారాల్లో తెలుస్తుంది. అప్పటిదాకా నన్ను రిలీజుల్లో పెట్టొద్దండి." జబ్బు పేరు చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం. పని మనసుకి ఊరటనిస్తుందంటే ఇంటినుంచి కొంచెం చేసుకోండి. ఆన్‌కాల్ మాత్రం వద్దు.

మీ ఆఫీసు టవర్లలోనే అంతస్తులు ఊడ్చే ఆవిడకి, గేటు దగ్గర సెక్యూరిటీ అన్న భార్యకి కూడా ఇదే జబ్బు వస్తుంది. ఆరోగ్యశ్రీ కింద రెడ్‌హిల్స్ ఎంఎన్‌జే ఆసుపత్రిలో ఆపరేషన్ చేయించుకుని, రిపోర్టు కోసం ఒకరోజు కూలి పోగొట్టుకుని కౌంటర్ దగ్గర నిలబడతారు. మీకు అలాంటివాళ్లు తెలిస్తే, ఏ తేదీకి వస్తుందో ముందుగా ఫోన్ చేసి కనుక్కోవడం, ఆ రోజు తోడు వెళ్లడం చిన్న సాయం కాదు.

ఇంట్లోవాళ్ల సంగతి. ఊరినుంచి అమ్మ వచ్చి ఉంటుంది, అత్తగారు రోజూ ఫోన్ చేస్తుంటారు, వాట్సాప్‌లో చుట్టాలంతా దణ్ణం బొమ్మలు పెడుతుంటారు. అందరికీ మీరే జవాబు చెప్పక్కర్లేదు. చెల్లెలికో మరదలికో ఆ పని అప్పజెప్పండి. ఎవరైనా నేరుగా అడిగితే, "పిన్నీ, ఇంకా రాలేదు. రాగానే చెల్లి ఫోన్ చేస్తుంది. అప్పటిదాకా వేరే కబుర్లు చెప్పు" అనండి, నొచ్చుకోరు. మీ ఆయన "ఏం కాదులే" అని టీవీ పెట్టుకుంటే అది నిర్లక్ష్యం కాకపోవచ్చు, ఆయనకీ భయమే. ఈ పుస్తకం ఆయన చేతిలో ఉంటే, ఒక మాట. "ఏం కాదులే" అంటే ఆమె నోరు మూతపడుతుంది. "నాకూ భయంగానే ఉంది. బుధవారం నేను సెలవు పెట్టాను, ఇద్దరం వెళ్దాం" అంటే ఆమె ఆ రాత్రి కాస్త నిద్రపోతుంది. పిల్లలకి వాళ్ల వయసుకి తగినంత నిజం చెప్పండి. "అమ్మ ఒంట్లోంచి గడ్డ తీశారు, దాన్ని డాక్టర్లు చూస్తున్నారు, వచ్చేవారం చెప్తారు." తలుపుల వెనక గుసగుసలు విన్న పిల్లలు ఇంకా భయంకరమైనవి ఊహించుకుంటారు.

ఏదైనా చదవాలనిపిస్తే ఆధారమున్నవే చదవండి. తల్లికి రొమ్ము క్యాన్సర్ వచ్చాక డాక్టర్ రఘురామ్ 2007లో మొదలుపెట్టిన ఉషాలక్ష్మి బ్రెస్ట్ క్యాన్సర్ ఫౌండేషన్, తెలుగుతో సహా పలు భారతీయ భాషల్లో ఒక యాప్ తెచ్చింది. రాత్రిళ్లు వరసగా నిద్ర లేకపోతే, తిండి దిగకపోతే, బతకాలనిపించకపోతే, ఆ మాట ఎవరితోనైనా అనెయ్యాలి. ప్రభుత్వ టెలిమానస్ నంబరు 14416కి ఏ వేళకైనా చెయ్యొచ్చు, తెలుగులో మాట్లాడతారు. మీ ఆంకాలజిస్టుకి కూడా చెప్పండి. నిద్రకి, ఆందోళనకి మందు అడగడం తప్పు కాదు.

రిపోర్టు చేతికొచ్చిన రోజు గదిలోంచి లేచేముందు నాలుగు సంగతులు తెలుసుకోండి: స్టేజ్ ఎంత, ఇంకా ఏ పరీక్ష మిగిలింది, తర్వాతి చికిత్స ఏది, ఎప్పుడు మొదలు. మీ కేసు ట్యూమర్ బోర్డులో పెడతారా అని కూడా అడగండి. సర్జన్, మెడికల్ ఆంకాలజిస్టు, రేడియేషన్ డాక్టరు కలిసి చూస్తే మీకే మంచిది. రిపోర్టు బాగుందని తెలిసిన సాయంత్రం కూడా కొందరికి సంతోషం రాదు. ఒళ్లంతా నీరసంగా, కారణం లేకుండా ఏడుపుగా ఉంటుంది. ఇన్ని రోజులు బిగపట్టిన ఒళ్లు అప్పుడే వదులవుతుంది. అందుకని కబురు ఏదైనా సరే, మర్నాటికి ఏ పనీ, ఏ చుట్టాన్నీ పెట్టుకోకండి.